నీటితిత్తుల చిల్లులు: అతుకుల విచారణ

నీటిని మోసికొనిపోవుటకును, కొంతకాలము నిలిపియుంచుటకును మానవుడు కల్పించుకొనిన సాధనములలో మట్టికుండ, లోహపాత్ర, రాతితొట్టి మొదలైనవి ఒక తెగ. వంగునట్టియు ముడుచుకొనునట్టియు మెత్తని పొరతో చేసిన తిత్తి మరియొక తెగ. పగిలిన కుండను పారవేయుదురు గాని, చిల్లుపడిన తిత్తిని ఎవరును వెంటనే పారవేయరు, అతుకు వేయుదురు. ఆ అతుకు ఒకరిచేతిలో ఏండ్ల తరబడి నిలుచుటయు, మరియొకరిచేతిలో రెండవనాటికే ఊడివచ్చుటయు అదృష్టముమీద ఆధారపడిన సంగతి కాదు. దానికి నిశ్చితములైన కారణములు గలవు. ఆ కారణములను, నేడు వాడుకలోనున్న మరమ్మతు పద్ధతులతోపాటు, ఒకచోట చేర్చి పరిశీలించుట అవసరమని తోచి ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

అమెరికా, ఆస్ట్రేలియా మొదలైన దేశముల సరస్సులలో వేక్‌బోర్డు అను జలక్రీడ ఒకటి కలదు. పాదములకు బల్ల బిగించుకొని, మోటారుపడవ వెనుక త్రాడు పట్టుకొనిన ఆటగాడు, పడవ నీటిని చీల్చుకొనిపోవునప్పుడు వెనుక లేచు అలమీదికి ఎక్కి, అచటినుండి గాలిలోనికి ఎగురును. పడవ ఎంత బరువుగా నీటిలో దిగబడినచో అల అంత ఎత్తుగా లేచును గనుక, వినైలుపూతగల పెద్ద తిత్తులను ఆసనముల క్రిందను ప్రక్క అరలయందును ఉంచి, సరస్సులోని నీటినే పంపుతో తోడి వానిని నింపి, ఆట ముగియగానే మరల సరస్సులోనికి విడిచిపెట్టుదురు. లీటరు నీరు కిలోగ్రాము బరువు గనుక 400 లీటర్ల తిత్తి అయిదారుగురు మనుష్యుల బరువునకు సాటియగును. విశాఖపట్టణపు తీరమున 2002 నుండి ప్రదర్శనశాలగా నిలిచియున్న కుర్సురా జలాంతర్గామిని చూచినవారికి, నీటిని లోనికి తీసికొని బరువెక్కుటయు, వెలికి నెట్టి తేలికపడుటయు కొత్త సంగతి కాదు. అది ఉక్కుతొట్టెలలో జరిగిన పని, ఇది మెత్తని తిత్తిలో జరుగు పని. ఈ క్రీడాపడవ తిత్తిని నేను ప్రస్తావించుటకు కారణము వేరు. అందులో నీటిలోతు అడుగు రెండడుగులకు మించదు, నీరు నిలుచు కాలము కొన్ని గంటలే, ఎండ తగులదు, ఎలుక కొరకదు. అయినను అది కారును. ఇన్ని శత్రువులు లేనిచోట కూడ కారుచున్నదన్నచో కారుటకు మూలమేమో అచట స్పష్టముగా కనబడవలెను.

ఆ మూలమును వెదకుటకు సరస్సులదాక పోనక్కరలేదు. పర్చూరు నల్లరేగడినేలలో ప్రతి రైతు ఇంటను ఏదో ఒక నీటితిత్తి కలదు. 1970 వరకు గుంటూరు జిల్లాలోను, తరువాత ప్రకాశము జిల్లాలోను, 2022 నుండి బాపట్ల జిల్లాలోను చేరిన ఈ సీమ ఏ జిల్లాలోనున్నను నీటి విషయమున మాత్రము ఎప్పుడును కాలువ చివరిదే. సాగరు కుడికాలువ నీరు అద్దంకి శాఖగుండ వచ్చినను, కృష్ణనీరు కొమ్మమూరు కాలువగుండ వచ్చినను, ఇచటికి చేరునప్పటికి అది మిగిలిన నీరే. అందుచేత వచ్చిననాడు నిలువచేసికొనుట, నిలువచేసినదానిని చేనికి మోసికొనిపోవుట ఇచటి వ్యవసాయములో సగము పని. పత్తికిగాని మిరపకుగాని ఎకరమునకు మందు కొట్టుటకు సుమారు 200 లీటర్ల నీరు కావలెను. డెలివరీ పైపు, వీపుమీది మందుట్యాంకు, ట్రాక్టరు తొట్టిలో పట్టా పరచి తెచ్చు నీరు, పొరపరచిన పంటకుంట, వీనినన్నింటిని ఒక్కకుటుంబముగా భావించినగాని మన సమస్య యొక్క నిజస్వరూపము తెలియదు.

ఈ కుటుంబములో పెద్దది తోలుతిత్తి. విద్యుత్తు మోటార్లు రాకమునుపు తోటభూముల బావులకు కపిల ఉండెడిది. ఎద్దులు వాలుబాటలో దిగుచుండగా నీటిబాన పైకివచ్చును. బాన అడుగున కుట్టిన తోలుతొండమును సన్నతాడొకటి పైకి మడిచి పట్టియుంచి, బాన ఒడ్డుకు చేరగానే సడలును. నీరు కాలువలోనికి దూకును. తంగేడుచెక్కతోను తుమ్మచెక్కతోను ఊనిన ఆ తోలునకు ఆముదము పట్టించుచుండవలెను. ఎండనిచ్చినచో బిరుసెక్కి మడతలవెంట చిట్లును. చర్మకారుని హస్తకౌశలము లేనిదే పైరుకు నీరు లేని ఆ కాలమున, ఆ హస్తమునకు ఊరు చూపిన గౌరవము అది చేసిన మేలులో నూరవవంతైనను లేకపోవుట మనచరిత్రలో సిగ్గుపడవలసిన ఘట్టము. కపిలకు తొండము మార్పించిన ప్రతి రైతునకు తెలిసిన విషయమొకటి కలదు: తోలు నడిమి భాగము అంత త్వరగా చినుగదు, కుట్టుపడినచోటనే, సూదిచేసిన రంధ్రములవెంటనే నీరు మొదట ఊరును.

ఇది నిన్నమొన్నటి అనుభవము కాదు. అస్సీరియా రాజైన రెండవ అషూర్‌నసీర్‌పాలుని నిమ్రూదు కోటలోని క్రీస్తుపూర్వము తొమ్మిదవ శతాబ్దపు శిల్పములలో సైనికులు గాలినింపిన తోలుతిత్తులను పొట్టక్రింద పెట్టుకొని ఏరు దాటుచు కనబడుదురు. మనదేశమున మనుస్మృతి రెండవ అధ్యాయమున, ఇంద్రియములలో ఒక్కటి సడలినను ప్రజ్ఞ యంతయు జారిపోవునని చెప్పుటకు, తిత్తి యొక్క కాలినుండి నీరు కారిపోవుట దృష్టాంతముగా గైకొనబడినది. ధర్మోపదేశము అటుంచి, ఆ దృష్టాంతమునందలి శిల్పపరిజ్ఞానమును గమనింపవలెను. మేకతోలును చీల్చక ఒలిచి, మెడను నోరుగానుంచి, నాలుగు కాళ్ళను బిగించి కట్టి తిత్తి చేసెడివారు. పొట్ట ఎంత పెద్దదైనను అది అఖండము. కాలు ఎంత చిన్నదైనను అది సంధి. కారుట కాలినుండియే.

సంధియే తిత్తికి మర్మస్థానమన్న ఈ సూత్రము తోలుతో ముగియలేదు. 1823లో మాకింటాష్ రబ్బరును బట్టకు పూయుటయు, 1839లో గుడియర్ గంధకముతో రబ్బరును ఉడికించి ఎండకును చలికిని తట్టుకొనునట్లు చేయుటయు, 1926లో వాల్డో సెమన్ పీవీసీని మెత్తబరచు ఉపాయమును కనిపెట్టుటయు, 1933లో ఇంగ్లండులో పాలిథీన్ పుట్టుటయు వరుసగా జరిగి, తిత్తి పొట్ట నానాటికి దృఢమైనది. సంధులు మాత్రము తప్పలేదు. రెండు పొరలను కలిపిన అంచు, నీరు పోయు మూతి, గాలిపోవు గొట్టము, బిరుసైన ప్లాస్టికు గొట్టము మెత్తని గుడ్డను కలియుచోటు, ఇవే నేటి తిత్తి కాళ్ళు. మెత్తనిదానికిని బిరుసుదానికిని నడుమ తిత్తి కదలినప్పుడెల్ల మెత్తనిదే వంగును. వంగుట ఎల్లప్పుడు ఒకేగీతమీద జరుగును. కొంతకాలమునకు ఆ గీత చీలికయగును.

ఇచట కొంచెము గణితము చెప్పవలసియున్నది, ఏలయన జనసామాన్యములో తిత్తి పెద్దదైనకొలది బలమైనదన్న భ్రమ ఒకటి వ్యాపించియున్నది. ఒక మీటరు నీటిలోతు ప్రతి చదరపు సెంటీమీటరుమీద సుమారు నూరుగ్రాముల ఒత్తిడి కలిగించును. గొట్టమువలె గుండ్రనైన తిత్తి గోడలోని లాగుడు, ఆ ఒత్తిడిని తిత్తి వ్యాసార్ధముచే గుణించినంత యుండును. 30 సెంటీమీటర్ల వ్యాసార్ధముగల తిత్తిలో ఒక మీటరు నీటి ఒత్తిడియున్నచో, అతుకులో ప్రతి సెంటీమీటరు పొడవును మూడు కిలోల బలము ఎడతెగక లాగుచుండును. జానెడు అతుకుమీద ఆ లాగుడు అరబస్తా బియ్యమును మించును. తిత్తి వెడల్పు రెట్టింపయినచో, నీటిలోతు మారకున్నను, లాగుడు రెట్టింపగును. పెద్దతిత్తి అతుకు చిన్నతిత్తి అతుకుకంటె వెడల్పుగా ఉండవలెనన్న నియమము దీనినుండి వచ్చినదే.

పంపు మరియొక శత్రువు. తిత్తి నిండినతరువాత కూడ పంపు నడచుచున్నచో, నీటిలోతుతో నిమిత్తము లేకుండ పంపు యొక్క ఒత్తిడి యంతయు అతుకులమీద పడును. క్రీడాపడవ తిత్తులలో పెక్కు ఆ విధముగానే అతుకులు విచ్చుకొనును. పొంగినీరు వెలికిపోవుటకు గాలిగొట్టము ఉన్నను అది మడతపడియో మూసికొనిపోయియో యుండును. మన డెలివరీ పైపు చివరను కాలితో తొక్కి నీటిని ఆపుటవలన కలుగు నష్టము ఇట్టిదే. ఇక సగమునిండిన తిత్తి సంగతి: నిండుకుండ తొణకదన్న లోకోక్తి నీతికేగాక యంత్రశాస్త్రమునకు కూడ వర్తించును. సగమునీటితో కదలు తిత్తిలో నీరు ఇటునటు ఊగి, మడతలను వంచుచు, పడవచెక్కకో ట్రాక్టరు రేకుకో రాపాడించును. నింపినచో పూర్తిగా నింపవలెను, లేకున్న పూర్తిగా ఖాళీచేయవలెను. నడిమిస్థితి తిత్తికి చెరుపు.

చిల్లు కనిపెట్టుట మరమ్మతుకంటె కష్టము. మొదట నిజముగా తిత్తియే కారుచున్నదా యని తెలిసికొనవలెను. చల్లనినీరున్న తిత్తి వెలుపల వానకాలమున గాలిలోని తేమ చెమ్మగిల్లి, తిత్తి కారినట్లే భ్రమపెట్టును. పైపుబిగింపునుండి జారిన చుక్క తిత్తిమీదుగా ప్రాకి అడుగున రాలును. కావున తిత్తిని తుడిచి, ఆరబెట్టి, ఒక్కొక్క బిగింపుక్రిందను పొడికాగితము పరచి చూచుట మేలు. అప్పటికిని తెలియనిచో తిత్తిలో కొలదిగా గాలినింపి సబ్బునీరు పూయవలెను. మూతులు, గొట్టములు, అతుకు అంచులు ముందు, మడతలు తరువాత, నడిమిభాగము కడపట. ఈ క్రమము తారుమారుచేసి పొట్టంతయు వెదకుచు ప్రొద్దుపుచ్చువారు పెక్కుమంది. గాలి మాత్రము నోటితో ఊదినంత చాలును; కంప్రెసరు పెట్టరాదు. నీరు నొక్కినను కుదించుకొనదు గాని గాలి కుదించుకొని బలమును దాచుకొనును. గాలితో పగిలిన తిత్తి చుట్టునున్నవారికి గాయముచేయును.

సెకనుకొక చుక్కయేగదా యని ఉపేక్షించుట తగదు. ఇరువదిచుక్కలు ఒక మిల్లీలీటరనుకొనినను, దినమునకు నాలుగు లీటర్ల పైచిలుకు. మీటరు లోతున మిల్లీమీటరు వ్యాసముగల సూదిరంధ్రమొక్కటి యున్నచో, దానిగుండ దినమునకు సుమారు 180 లీటర్లు పోవును; అనగా ఎకరపు మిరపకు ఒకమారు మందు కొట్టుటకు కావలసిన నీటికి కొంచెము తక్కువ. సూదిమొన చేసిన పనియిది.

ఇక అతుకు సంగతి. ఈ విషయమున మూడు మతములు వాడుకలో ఉన్నవి: జిగురుతో అంటించుట, వేడితో కరగించి కలుపుట, అంటించక బిగించికట్టుట. మూడింటిని మూడు శాస్త్రములవలె వాదించువారున్నారు. నా అభిప్రాయమున ఆ వివాదము నిరర్థకము. ఏది తగునో నిర్ణయించునది తిత్తి పొర యొక్క జాతియేగాని మరమ్మతుచేయువాని అభిరుచి కాదు. మన ప్రాంతమున పొర చిరిగినప్పుడు ఎవరైనను మొదట పోవునది సైకిలుషాపునకు. అచట ట్యూబునకు వేయు పంక్చరు అద్భుతముగా అంటుకొనును. ఏలయన ట్యూబు రబ్బరు, పట్టీ రబ్బరు, సొల్యూషనులో కరగినదియు రబ్బరే. ఆ మూడును సజాతులు. ఆ సొల్యూషనునే పీవీసీ తిత్తిమీద పూసినచో మొదటిదినము అంటినట్లే కనబడును, పిమ్మట పీవీసీని మెత్తగా నుంచుటకు కలిపిన నూనెవంటి ద్రవ్యము మెల్లగా పైకివచ్చి జిగురును జిడ్డుచేయును, అతుకు జారిపోవును. పాలిథీన్‌మీద పూసినచో మొదటిదినముకూడ అంటదు. సైకిలుషాపు వానిని నిందించుటవలన ప్రయోజనము లేదు. అతడు వేసిన అతుకు మంచిదే, వేసినచోటు దానిది కాదు.

జాతిని కనిపెట్టుటకు ప్రయోగశాల అవసరము లేదు. పొర అంచునుండి గోరంత ముక్క కత్తిరించి, సబ్బుతో కడిగి, గ్లాసునీటిలో మునుగునట్లు అదిమి విడువవలెను. పాలిథీన్ నీటికంటె తేలిక గనుక పైకి తేలును. పీవీసీ నీటికంటె బరువు గనుక అడుగునకు దిగును. ముక్కకు గాలిబుడగలు అంటుకొనియున్నచో పరీక్ష తప్పుదారి పట్టించును. అందుకే కడుగవలెనని చెప్పితిని. కాల్చి వాసనచూచి చెప్పు అలవాటు కొందరికున్నది. పీవీసీ కాలినప్పుడు ఊపిరితిత్తులను మండించు హైడ్రోక్లోరికు వాయువు వెలువడును గనుక ఆ అలవాటు మానదగినది.

మునిగినది పీవీసీ అయినచో జిగురు పనికివచ్చును. అయితే అది మెత్తని పీవీసీకి తగిన పాలీయురిథేన్ జాతి జిగురుగాని, వినైలుకని ప్రత్యేకముగా చేసిన జిగురుగాని కావలెను. నీటిగొట్టములను అతుకు గట్టి పీవీసీ సిమెంటు ఆరినపిదప బిరుసగును. వంగుచుండు తిత్తిమీద అది పెళుసై విరుగును. అతుకు ముక్కను అదే జాతి పొరనుండి, చిల్లుకు అన్నివైపులను అయిదు సెంటీమీటర్లు మించునట్లు కత్తిరించి, మూలలను గుండ్రము చేయవలెను. మొనదేలిన మూల మొదట లేచును. పొరను సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, స్పిరిటుతో తుడిచి, ఉప్పుకాగితముతో నిగారింపు పోవునంత మాత్రము రుద్ది, రెండువైపులను పలుచగా జిగురు పూసి, వ్రేలికి అంటియు అంటనట్లున్నప్పుడు కలిపి, నడుమనుండి అంచులకు గాలి పోవునట్లు ఒత్తి, బరువుంచి ఒకదినము కదల్పక విడువవలెను. వీలైనచో అతుకు లోపలివైపున వేయవలెను. లోపలి అతుకును నీరే గోడకు అదిమిపట్టును, వెలుపలి అతుకును అదే నీరు ఊడద్రోయును. ఈ ఒక్క భేదమును పాటించినచో విఫలములగు అతుకులలో పెక్కు నిలిచియుండెడివి. పెద్ద తిత్తులకు చేయిదూరునంత మూతి ఉంచవలసినది ఇందుకొరకే. కాని తయారుచేయువారు దీనిని శ్రద్ధించుట లేదు.

తేలినది పాలిథీన్ అయినచో జిగుళ్ళన్నియు వ్యర్థము. దానిపై తామరాకుమీద వలె ఏదియు అంటదు. దానికి వేడియే మార్గము. పాలిథీన్ 110 మొదలు 130 డిగ్రీల వరకు గల వేడికి కరగును గనుక, వెనుకటి దినములలో కిరాణాకొట్టులో కొవ్వొత్తిమంటపై సంచిమూతులు అతికినది ఈ ధర్మమును ఆశ్రయించియే. పలుచని సంచికి కొవ్వొత్తి చాలును గాని కుంటపొరకు చాలదు. వేడిగాలి యంత్రముతోనో వేడిదిమ్మతోనో రెండుపొరలను ఒకేమారు కరగించి వెంటనే రోలరుతో ఒత్తవలెను. తడియున్నచోట, దుమ్మున్నచోట ఈ కలయిక పైకి కనబడునేగాని లోన ఉండదు. చిరుగు పొడవుగా ఉన్నచో ముందు దాని రెండుకొనలయందును చిన్నగుండ్రని రంధ్రములు చేయుట మంచిది. చీలిక మొన గుండ్రమైనచో ముందుకు ప్రాకదు.

ఇక కట్టు పద్ధతి. డెలివరీ పైపు చిల్లుమీద పాతసైకిలు ట్యూబును పట్టీగా కోసి, లాగి చుట్టి, కొనను మడిచి బిగించుట పర్చూరు పొలములలో ప్రతిదినము కనబడు దృశ్యము. విద్యావంతులు కొందరు దీనిని మోటుపనియని చిన్నచూపు చూతురు. అది అన్యాయము. ఇందు జిగురు లేదు గనుక జాతిభేదముతో పని లేదు. సాగిన రబ్బరు ఎల్లప్పుడు లోనికి అదుముచుండును గనుక తడిలో వేసినను నిలుచును. గుండ్రని గొట్టమునకు ఇంతకంటె శీఘ్రమైన మరమ్మతు లేదు. పొట్టమీది చిల్లుకు చుట్టుట సాధ్యము కాదు గనుక, అచట రెండు రబ్బరు వాషర్లు, వానిపై రెండు రేకువాషర్లు, నడుమ బోల్టు, లోపలొకటి వెలుపలొకటిగా పొరను నడుమనుంచి బిగించినచో ఏ జాతి పొరకైనను సరిపోవును. తోలుతిత్తికాలమున చిల్లులో కొయ్యబిళ్ళ ఉంచి చుట్టును దారముతో బిగించిన పద్ధతికి ఇది వారసురాలు. వేడిగాలి యంత్రము దొరకని పల్లెలో పాలిథీన్ తిత్తికి నేను సిఫారసుచేయు మార్గమిదే. బోల్టుమొన ఎదుటి గోడను గుచ్చకుండ కోసివేయుట మరువరాదు.

ఇంతవరకు చెప్పినది అన్ని దేశములకు చెల్లును. కుంటపొర విషయమున మాత్రము రేగడినేల తన ప్రత్యేక న్యాయమును అమలుపరచును. గత దశాబ్దమున పంటసంజీవని పేరిట ప్రభుత్వము ఊరూర పంటకుంటలు తవ్వించినపుడు, నల్లరేగడిలో నీరు నిలుచునుగదా, పొర యెందుకని ప్రశ్నించినవారున్నారు. తడిసిన రేగడి నిజముగా నీటిని పోనీయదు. ఉబ్బి రంధ్రములన్నియు మూసికొనును. ఆ బంకమన్నే ఎండినపుడు ముడుచుకొని చేయిదూరునంత నెఱ్ఱెలు విచ్చును. కుంట ఎండుటయు నిండుటయు ఏటేటా జరుగునది గనుక మొదటివాననీరు ఆ నెఱ్ఱెలలోనే పోవును. ఈ కారణమున పొర అవసరము. ఆ నెఱ్ఱెలే పొరకు ప్రధానశత్రువులు.

వేసవిలో తవ్విన కుంట అడుగున నెఱ్ఱె ఉన్నదనుకొనుడు. దానిమీద పొర బల్లపరుపుగా పరచుదురు. నీరు నిండగానే పొర నెఱ్ఱెమీద వంతెనవలె నిలిచి, క్రింద ఆధారము లేక, మీదిబరువుతో సాగి, అంచున కోసికొనును. అతుకు వేసినను అదేచోట మరల చినుగును. తప్పు పొరలో లేదు, క్రింది మట్టిలో ఉన్నది. కావున పరచుటకుముందే అడుగును తడిపి, నెఱ్ఱెలు మూసికొనిన తరువాత పలుగురాళ్ళు, పత్తికట్టె మోళ్ళు, కంపముళ్ళు ఏరివేసి, దిమ్మిసకొట్టి, జల్లించిన మట్టియో ఇసుకయో పరచి, దానిమీద పొర వేయవలెను. పొరను బిగించి లాగక కొంత వదులుండనిచ్చి, గట్టుమీద గాడితవ్వి అంచును అందు పూడ్చవలెను. పనివారు వదులును పొదుపులేమియని భావించి లాగిబిగింతురు. ఆ వదులే నేల కదలినప్పుడు పొరను కాపాడును.

వానకాలమున భూగర్భజలము పైకివచ్చుచోట, ఖాళీకుంటలో పొర క్రిందినుండి నీరు తన్ని పొరను బుడగవలె లేపును; కొంతనీరు ఎప్పుడును ఉంచుటయే దానికి మందు. ఎండకు పొర చితుకకుండుటకు అందు నూటికి రెండు మూడుపాళ్ళు నల్లని కర్బనచూర్ణము కలుపుదురు. రంగురంగుల పట్టాలకు ఆ రక్షణ ఉండదు గనుక కల్లములో మిరపకాయలమీద కప్పుటకు కొనిన పట్టాను కుంటలో పరచినవారు ఏడాది తిరుగకుండనే పశ్చాత్తాపపడుదురు.

కుంటమట్టము తగ్గినప్పుడు కారుచున్నదా ఆవిరియగుచున్నదా అను సంశయము రైతును మిక్కిలి బాధించును. బకెట్టునిండ అదే నీరుపోసి, కుంటలో నీటిమట్టముదాక మునుగునట్లు రాతిమీద నిలిపి, లోపలను వెలుపలను గుర్తులు పెట్టవలెను. మరునాడు రెండును సమముగా తగ్గినచో అది సూర్యుని పని. బకెట్టులో తగ్గినదానికంటె కుంటలో తగ్గినది ఎంత ఎక్కువయో అంత కారుట. పది మీటర్ల చదరపుకుంటలో ఆ భేదము ఒక్క మిల్లీమీటరైనను దినమునకు నూరులీటర్లు పోయినట్లే. చిల్లు ఎచటనో తెలియనిచో మట్టమును దిగనిచ్చి చూడవలెను. కారుట ఆగిపోయిన ఎత్తున గట్టుచుట్టు వెదకినచో దొరకును. ఎలుకలును ఎండ్రకాయలును గట్టుప్రక్కననే పనిచేయును గనుక ఈ ఉపాయము సామాన్యముగా తప్పదు.

వీపుమీది మందుట్యాంకు విషయము వేరుగా చెప్పక తీరదు. అది తిత్తి కాకపోయినను కారుచోట్లు అవే: మూత వాషరు, అడుగు బిగింపు, పిడి కీలు. అచట పోవునది నీరు కాదు, విషము. కారు ట్యాంకు మోసిన కూలివాని వీపు, నడుము, తొడలు గంటలతరబడి పురుగుమందులో నానును. చర్మముగుండ అది రక్తమున ప్రవేశించును. గుడ్డచుట్టి, దారముకట్టి పని గడుపుకొను అలవాటును ఏ సమర్థనకును లోబడక ఖండింపవలసియున్నది. కుంటకు వేసిన అతుకు ఓడినచో నీరు పోవును. ఇచట ఓడినచో మనిషి పోవచ్చును. ట్యాంకు గోడ చిట్లినచో అతుకనక్కరలేదు, పారవేయవలెను. వాషర్లు మాత్రము పంటపంటకును మార్చవలెను. అది రైతు చేయవలసిన ఖర్చు, కూలివాని భాగ్యముమీద విడువదగినది కాదు.

ఈ పద్ధతులన్నియు పొర జాతి తెలిసినప్పుడే ఫలించును గదా. భారత ప్రమాణముల సంస్థ కుంటలలో పరచు అల్లిక పాలిథీన్ పొరకు ఐ.ఎస్. 15351 అను ప్రమాణమును ఏర్పరచియున్నది. అంగడిలో దొరకు పట్టాలు, పైపులు, తిత్తులలో పెక్కింటిమీద మాత్రము దేనితో చేసినదో వ్రాసియుండదు. మందము, ధర, కంపెనీ పేరు పెద్ద అక్షరములలో నుండును. జాతిపేరును, దానికి తగిన అతుకు పద్ధతిని తెలుగులో రెండుపంక్తులుగా పొర అంచుపొడవున అచ్చువేయుట తయారీదారునకు భారము కాదు. కొనినవాని సొమ్ము నిలుచుటకు ఇంతకంటె చౌకయైన ఉపాయము నాకు కనబడుట లేదు. బాపట్లలో 1945 నుండి వ్యవసాయ కళాశాలయు, తరువాత వెలసిన వ్యవసాయ ఇంజనీరింగు కళాశాలయు ఉన్నవి. పర్చూరునకు అవి దవ్వు కావు. వేడిగాలి యంత్రమును వాడుటలో సైకిలుషాపు పనివారికిని, పట్టాలు కుట్టువారికిని కొద్దిపాటి శిక్షణనిచ్చినచో, మండలమునకు ఇద్దరు ముగ్గురైనను పాలిథీన్ అతుకగలవారు తయారగుదురు. ఆ పనివారి చేతిలో నేర్పు ఇప్పటికే ఉన్నది. వారికి కొరవడినది యంత్రమును, పదార్థజ్ఞానమును మాత్రమే.

నిలువచేయుటలో జాగ్రత్తలు స్వల్పము. చలిదేశములలో పడవతిత్తిని, పంపును శీతకాలమునకుముందు ఆరబెట్టనిచో లోనినీరు గడ్డకట్టి, నూటికి తొమ్మిదిపాళ్ళు పెరిగి, బిగింపులను పగులగొట్టును. మనకు ఆ భయము లేదుగాని, తడితో మడిచిన తిత్తిలో బూజు పట్టును, ఎండలో మడిచిన తిత్తి మడతవెంట చిట్లును, ధాన్యపుగదిలో పెట్టిన తిత్తిని ఎలుక కొరుకును. ఆరబెట్టి, మడవక చుట్టి, నీడలో వ్రేలాడదీయుట మేలు. ఏటేటా మడత ఒకేచోట పడకుండుట దీనివలన సిద్ధించును.

అతుకులకు కూడ అవధి కలదు. పొరను వ్రేళ్ళనడుమ మడిచి నలిపినప్పుడు మడతవెంట సన్నని తెల్లగీతలు పుట్టి అవి చిట్లుచున్నచో, ఆ పొర జీవము ముగిసినదని గ్రహింపవలెను. పీవీసీ అయినచో మెత్తబరచు ద్రవ్యము ఇంకిపోయినది. పాలిథీన్ అయినచో ఎండ దాని అణుశృంఖలలను తెగగొట్టినది. అట్టిదానిమీద వేసిన అతుకు తాను నిలిచి, తన అంచున క్రొత్తచిల్లు పుట్టించును. అప్పుడు జిగురుమీద పెట్టు ఖర్చును క్రొత్తపొరమీద పెట్టుటయే ఉచితము. పాతపొరను మాత్రము తగులబెట్టరాదు; కుంట అడుగున జల్లించిన మట్టిమీద దానిని పరచి, దానిమీద క్రొత్తపొరను పరచినచో, క్రిందినుండి పొడుచు రాయిని ముల్లును అది కొన్ని ఏండ్లపాటు అడ్డుకొనును.